ఉయ్యాల కింద ఏముండాలి?

కాలనీ పార్కుల గురించి పాఠకులు అడిగిన సందేహాలు, వాటికి మా జవాబులు.

ప్రశ్న: మా పార్కులో పిల్లలకు ఉయ్యాలలు, జారుడుబండ పెట్టిస్తున్నాం. కింద ఇప్పటికే సిమెంట్ టైల్స్ ఉన్నాయి. వాటి మీద రబ్బరు మ్యాట్లు పరిస్తే సరిపోతుందా?
– సంఘం సభ్యురాలు, నాగోల్

జవాబు: సరిపోదండీ. పల్చటి మ్యాటు కాలు జారకుండా చూస్తుందేమోగానీ, పైనుంచి పడిన పిల్లాడి తలను కాపాడలేదు. చాలా సంఘాలు డబ్బంతా రంగురంగుల సామానుకే పోసి నేల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. ముందు నేల సంగతి తేల్చుకోండి, ఉయ్యాల తర్వాత కొనొచ్చు.

టైల్స్ తీయించి ఇసుక పోయించండి. ఉయ్యాల వేలాడే కమ్మీ రెండు మీటర్ల లోపు ఎత్తులో ఉంటే అడుగు లోతు ఇసుక కావాలి. అంతకు మించి మూడు మీటర్ల దాకా ఉంటే 16 అంగుళాలు. కమ్మీ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం ముందూ వెనకా ఖాళీగా ఉండాలి, పక్కలకు ఆరేసి అడుగులు. ఇక్కడే లెక్క తేడా కొడుతుంది. ఎనిమిదడుగుల కమ్మీ, పదడుగుల వెడల్పు ఫ్రేము అయితే 32 x 22 అడుగుల జాగా, దాదాపు 940 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. అదే ఆరడుగుల కమ్మీ అయితే 24 x 22 అడుగుల జాగాలో 528తో అయిపోతుంది. చిన్న పార్కుకు ఆరడుగులదే తీసుకోండి. పిల్లలకు సరదా ఏమీ తగ్గదు.

రోబో శాండ్ (రాయిని పిండి చేసి తీసే ఇసుక) చవకని పోయించొద్దు. అందులో రాతిపొడి ఎక్కువ. ఒక వాన పడి ఎండిందంటే గట్టిపడి మళ్లీ టైల్స్ లాగే తయారవుతుంది. గ్లాసు నీళ్లలో గుప్పెడు ఇసుక వేసి కలపండి, కాసేపటికి నీళ్లు తేటపడితేనే దించుకోండి. గుంత అడుగున నాలుగంగుళాల కంకర, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను దిగనిచ్చి ఇసుకను ఆపేది), ఆ పైన ఇసుక. వాన నీళ్లు బయటికి పోయే పైపు కూడా అప్పుడే వేయించాలి. స్తంభాల కాంక్రీటు దిమ్మలు ఇసుకలో పూర్తిగా మునిగి ఉండాలి. దిమ్మ పైకి తేలి ఉంటే ఇంత ఇసుక పోసీ ఫలితం లేదు.

ఒక ఫ్రేముకు రెండు సీట్లే. సీటుకూ సీటుకూ మధ్య రెండడుగులు, సీటుకూ స్తంభానికీ మధ్య రెండున్నర అడుగులు వదలాలి. చెక్క సీటు, ఇనప సీటు వద్దు, మెత్తటి రబ్బరు సీటే పెట్టించండి. రేకు జారుడుబండను ఉత్తరం వైపో తూర్పు వైపో దిగేలా, చెట్టు నీడలో నిలబెట్టాలి. లేకపోతే ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అట్లపెనమే.

పెట్టించాక పని అయిపోయిందనుకోవద్దు. కాళ్లు రాసుకుని ఉయ్యాల కింద ఇసుక పక్కలకు పోయి గుంత పడుతుంది. వారానికోసారి దంతెతో సర్దించండి. గొలుసు పైకొక్కేన్ని కూడా చూస్తుండాలి. కొక్కెం సందులో రూపాయి బిళ్ల అంచు దూరిందంటే అది తెరుచుకుంటున్నట్టే, ఆ రోజే మార్చేయాలి.

ప్రశ్న: వాకింగ్ ట్రాక్ మీద బ్లాకులు కుంగిపోయి నీళ్లు నిలుస్తున్నాయి, పాచి పట్టి పెద్దవాళ్లు జారిపడుతున్నారు. సిమెంటుతో అతికించేస్తే పోతుందా?
– విశ్రాంత ఉద్యోగి, కుత్బుల్లాపూర్

జవాబు: అతికిస్తే ఇంకో ఏడాదికి పలకలు పలకలుగా లేస్తాయి. తప్పు బ్లాకులది కాదు, కింద పోసిన మట్టిని రోలర్‌తో తొక్కించకపోవడంది. కుంగిన చోట బ్లాకులు తీసి, ఆరంగుళాల కంకర మిశ్రమం తడిపి రెండు వరుసలుగా దిమ్మిస చేయించండి. దాని మీద అంగుళంన్నర ముతక ఇసుక, ఆ పైన పాత బ్లాకులే (60 మిల్లీమీటర్ల మందంవి నడకకు చాలు). రెండంచులా కర్బు రాళ్లు లేకపోతే బ్లాకులు పక్కలకు జరుగుతాయి. రెండు మీటర్ల వెడల్పుకు ఒక పక్క నాలుగు సెంటీమీటర్లు వాలు ఇస్తే నీళ్లు నిలవవు. చివరగా సందుల్లో సన్న ఇసుకను పొడిగా చిమ్మించండి. పాచికి బ్లీచింగ్ తాత్కాలికమే, పైకొమ్మలు కాస్త కొట్టించి ఎండ పడనివ్వండి.

ప్రశ్న: ఓపెన్ జిమ్ పరికరాలు కీచుమంటున్నాయి. నూనె పోయవచ్చా?
– ఉప్పల్

జవాబు: నూనె దుమ్మును పట్టి ఇంకా అరిగిస్తుంది. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంటే గ్రీజు గన్ పెట్టండి. గ్రీజు ఎక్కించే వీల్లేకుండా మూసేసిన సీల్డ్ బేరింగ్ అయితే మార్చడమే. నట్లు ఊగుతున్న పరికరానికి తాడు కట్టి ఆపేయండి.

ప్రశ్న: మా లేఅవుట్లో పార్కుకు వదిలిన జాగాలో ఎవరో ప్రహరీ కడుతున్నారు. ఎక్కడికి వెళ్లాలి?
– ఘట్‌కేసర్

జవాబు: గొడవకు ముందు కాగితాలు. ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను ప్రతిని హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) నుంచి సమాచార హక్కు కింద తీసుకోండి. ఖాళీ జాగాను స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు సబ్ రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. ఈ రెండూ, తేదీ కనపడే ఫొటోలూ జతచేసి మున్సిపల్ కార్యాలయంలోనూ, సోమవారం కలెక్టరేట్లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇచ్చి రసీదు అడగండి. ఆక్రమణల తొలగింపు చూసేందుకు 2024లో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఉంది, పార్కు జాగాల ఆక్రమణలు కూడా అది చూస్తుంది. గోడ పునాది దశలో ఉండగానే వెళ్లండి, స్లాబు పడ్డాక కోర్టు వాయిదాలు మొదలవుతాయి.