గండికోటలో టెంట్ మేకులు దిగకపోతే
అన్నా, గండికోట లోయ గట్టున మేకులు వంగిపోయి, రాత్రి గాలికి టెంట్ లేచిపోయిందన్నారు కదా. అక్కడ పైపైన మట్టి, కిందంతా క్వార్ట్‌జైట్ బండ. ఎంత కొట్టినా మేకే వంగుతుంది.

తాడు చివర ఉచ్చు వేసి మూరెడు గట్టి కట్టె అడ్డంగా దూర్చండి. ఆ కట్టెకూ టెంట్‌కూ మధ్య, తాడు మీద 15 కిలోల రాయి పెట్టండి. గాలి లాగేకొద్దీ కట్టె రాయికి బిగుసుకుంటుంది. రాయి కింద తాడుకు గోనెపట్ట ముక్క చుట్టాలి, లేకుంటే రాతి అంచుకు ఒరుసుకుని తెగుతుంది. తాడును నిటారుగా కాక ఏటవాలుగా, దూరంగా లాగండి.

రాళ్లకేం, అక్కడ కరువా! ఎత్తేముందు కట్టెతో దొర్లించండి, కింద తేళ్లుంటాయి. కోట గోడ రాళ్ల జోలికి మాత్రం పోవద్దు, అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది.