లెవెల్ 2 కారు: మీకెంత తెలుసో మీరే తేల్చుకోండి

ప్రశ్న: ఈమధ్యే కారు కొన్నాం. షోరూమ్‌లో 'లెవెల్ 2 అడాస్' (డ్రైవరుకు సాయపడే ఏర్పాటు) ఉందన్నారు. 'సగం అదే నడుపుకుంటుంది నాన్నా' అంటాడు మా అబ్బాయి. దీని గురించి మాకు నిజంగా ఎంత తెలుసో మేమే పరీక్షించుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉంది. ఇంట్లో కారు నడిపేవాళ్లంతా ఒకరిది ఒకరు చూడకుండా, మాన్యువల్ తెరవకుండా ఈ నాలుగింటికీ జవాబులు రాయండి. తర్వాతే మాన్యువల్ తీసి సరిచూసుకోండి.

ఒకటి: అడాస్ ఆన్‌లో ఉన్నప్పుడు రోడ్డును కనిపెట్టి ఉండాల్సింది ఎవరు? లెవెల్ 2 అయితే మీరే. 0 నుంచి 5 దాకా ఉన్న ఈ మెట్లను ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ 2014లో జే3016 ప్రమాణంగా తెచ్చింది. రెండో మెట్టులో కారు స్టీరింగ్‌నీ వేగాన్నీ కలిపి సర్దుతుంది, అంతే. మూడో మెట్టులో రోడ్డును చూసే పని కారుది, పిలిస్తే మాత్రం మీరు అందుకోవాలి. నాలుగులో నిర్ణీత ప్రాంతంలో డ్రైవరే అక్కర్లేదు. 'సగం' అనే మెట్టు ఎక్కడా లేదు. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో తనంతట తాను నడిచే ఉబర్ పరీక్షా కారు రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని చంపింది. ఆమె 5.6 సెకన్ల ముందే సెన్సర్లకు చిక్కింది. ఆమె ఏమిటో సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేకపోయింది, సీట్లో ఉన్న డ్రైవరు ఫోను చూస్తోంది.

రెండు: కారుకు కళ్లు ఎక్కడున్నాయి? చేత్తో చూపించండి. సాధారణంగా కెమెరా ముందు అద్దం పైభాగంలో, రాడార్ గ్రిల్‌లోనో బంపర్‌లోనో ఉంటాయి. లేన్ గీతలు చూసేది కెమెరా. ఎదురెండ, జోరువాన, చెరిగిన గీతలు దానికి పడవు. రాడార్‌కు వానతో అంత ఇబ్బంది లేదు గానీ, దాని ముఖం మీద పేరుకున్న బురదా, ముందు బిగించిన బుల్ గార్డూ అడ్డమే.

మూడు, అసలు పరీక్ష ఇదే: రాత్రి 80 వేగంతో లారీ వెనక వెళ్తున్నారు. లారీ చటుక్కున పక్క లేన్‌లోకి తప్పుకుంది. ఎదురుగా 45 మీటర్లలో ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ. కారు ఏం చేస్తుంది? 'బ్రేకు వేస్తుంది' అని రాసి ఉంటే ఆగండి. రాడార్‌కు సైన్ బోర్డు, వంతెన, రెయిలింగ్ కూడా ట్రాలీలాగే కదలని వస్తువులు. ప్రతిదానికీ బ్రేకు వేస్తే ప్రయాణం సాగదు. అందుకే చాలా కార్లు కదలని వాటిని కెమెరా కూడా ధ్రువీకరిస్తే తప్ప పట్టించుకోవు. రిఫ్లెక్టర్ లేని ట్రాలీని చీకట్లో కెమెరా ఆలస్యంగా గుర్తించవచ్చు, అసలు గుర్తించకపోనూ వచ్చు. లెక్క చూడండి: 80 వేగమంటే సెకనుకు 22 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి సుమారు 35 మీటర్లు కావాలి. తేరుకోవడానికి ఒక సెకను పట్టినా మొత్తం 57. ఉన్నవి 45. ముందున్న లారీకి ఎడం పెంచుకోవడమే మందు. ముందు బండిని చూసి వేగం సర్దే క్రూజ్ కంట్రోల్‌లో దూరాన్ని అన్నిటికన్నా ఎక్కువకు పెట్టండి. రాత్రిపూట వేగమూ తగ్గించండి.

నాలుగు: కారును గీతల మధ్య ఉంచే లేన్ అసిస్ట్ ఎంత వేగం దాటితే పనిచేస్తుంది? అది పనిచేయడం మానేసినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఏ గుర్తు ఏ రంగుకు మారుతుంది? ఇది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్‌దే తుది మాట.

మార్కులు కూడొద్దు. ఒకటి, మూడులో ఏది తప్పు రాసినా, మిగతావి సరైనా ఫెయిలే. ఆ రెండూ సరిగ్గా వచ్చేదాకా హైవే మీద అడాస్ ఆన్ చేయకండి.

ప్రశ్న: ముందు అద్దం పగిలితే మార్పించాం. అప్పట్నుంచి లేన్ అసిస్ట్ కారును ఒక పక్కకు లాగుతోంది. స్టీరింగ్ లోపమా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అసిస్ట్ ఆపేసి నడిపినా లాగుతుంటే వీల్ అలైన్‌మెంట్ చూపించండి. ఆన్ చేస్తేనే లాగుతుంటే ముందు కెమెరానే అనుమానించాలి. అది ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల దూరంలో దాదాపు 87 సెంటీమీటర్ల తేడా. మన హైవే లేన్ వెడల్పే మూడున్నర మీటర్లు. అద్దం మార్చాక కెమెరాను క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిగ్గా కుదిర్చాలి. కొన్ని మోడళ్లకు ఎదురుగా గుర్తుల బోర్డు పెట్టి చేస్తారు, కొన్నింటికి గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నడిపి చేస్తారు. బోర్డు పద్ధతికి నేల సమంగా ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డిక్కీ ఖాళీ చేయాలి. బిల్లుతోపాటు క్యాలిబ్రేషన్ రిపోర్టు కూడా అడిగి తీసుకోండి. కొత్త అద్దానికి ఫాస్టాగ్ మళ్లీ అంటించి ఉంటారు కదా, అది కెమెరా ఎదుట పడిందేమో కూడా చూడండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి డ్రైవరే లేని వేమో ట్యాక్సీ ఎక్కుతోంది. మన కార్లు అలా ఎప్పుడవుతాయి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఇంటి కారు సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన అలా కాదు. వేమోది నాలుగో మెట్టు: లైడార్లు (లేజర్ కాంతితో దూరం కొలిచే సెన్సర్లు), ముందే గీసుకున్న వివరమైన మ్యాపులు, హద్దులు గీసిన ప్రాంతం. అమెరికాలోని ఫీనిక్స్‌లో డ్రైవర్ లేకుండా అందరికీ తెరిచింది 2020 అక్టోబరులో. ఇక్కడ పని మొదలైంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ 2018లో ఇచ్చిన, సాఫ్ట్‌వేర్‌కు రోడ్లను నేర్పే చిత్రాల డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల నుంచి 10,000 ఫొటోలున్నాయి. ఆటోలు, పశువులు అందులో వేరే తరగతులు. జర్మనీ రోడ్ల మీద నేర్చిన సాఫ్ట్‌వేర్‌కు ఆటో ఎలా తెలుస్తుంది మరి! కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో 2022 నుంచి డ్రైవర్ లేని బండ్ల పరీక్షా ట్రాక్ ఉంది. వీటిని చూసి తేదీ చెప్పేవాళ్లను మాత్రం నమ్మలేం. మీ అమ్మాయిని ఒకటి అడగండి: దారిలో బండిని ఆపించాలంటే ఏ బటన్ నొక్కాలి, మనిషితో మాట్లాడాలంటే ఏది?