బేరింగ్ దాటిన ఆయిల్ ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను. విమాన ఇంజన్ల బేరింగ్ ఛాంబర్లలో (తిరిగే షాఫ్ట్‌ని మోసే బేరింగ్ చుట్టూ ఉండే మూసిన గదుల్లో) ఆయిల్ పొర ఎలా పారుతుంది, వేడిని ఎలా తీసుకుంటుంది అనేది నా సెమినార్ టాపిక్. బేరింగ్‌కి ఆయిల్ కావాలి, సరే. దాన్ని దాటిపోయి గోడకి అంటుకున్న ఆయిల్ మీద ఇంత పరిశోధన ఎందుకు? గ్రీజు పెట్టేస్తే ఈ గొడవే ఉండదు కదా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మా, నేను ఇంజన్ల ఓవర్‌హాల్ షాపులో ముప్పై ఏళ్లు చేశాను. చేరిన కొత్తలో నాదీ ఇదే అనుమానం. ఒకరోజు టర్బైన్ వైపు ఛాంబర్ మూత విప్పాం. లోపల కింది భాగం నిగనిగలాడుతోంది. పక్కలకి వచ్చేసరికి తేనె రంగు. పైన, లోపలి గాలి బయటికి పోయే వెంట్ గొట్టం మూతి దగ్గర నల్లటి పెళ్లలు. గోరుతో గీకాను, కదిలితే ఒట్టు. మా సూపర్‌వైజర్ చూసి, "ఎప్పుడైనా గారెల మూకుడు తోమావా?" అన్నారు.

తోమితే తెలుస్తుంది. మధ్యలో సలసల కాగిన నూనెతో పేచీ లేదు. అంచుకి చింది, పల్చగా అక్కడే ఉండిపోయిన నూనె మాత్రం గాలికీ వేడికీ మాడి మడ్డి కడుతుంది. పీచుకి లొంగదు. ఛాంబర్లో జరిగేదీ అదే. షాపులో దాన్ని కోక్ అంటాం.

ముందు గ్రీజు సంగతి. బేరింగ్ అరగకుండా తిరగడానికి కావలసిన ఆయిల్ చాలా కొద్ది. మిగతాదంతా పంపేది వేడిని మోసుకుపోవడానికే. గ్రీజు పెట్టినచోటే కూర్చుంటుంది, దేన్నీ మోయదు. ఏ320లకి వాడే సీఎఫ్‌ఎం56 ఇంజన్‌లో హెచ్‌పీ షాఫ్ట్ (ఎక్కువ ఒత్తిడి వైపు కంప్రెసర్‌నీ టర్బైన్‌నీ కలిపే ఇరుసు) నిమిషానికి 14,000 చుట్లు దాటుతుంది. ఆ రాపిడి వేడి ఒకటి. ఆయిల్ బయటికి కారకుండా సీళ్ల గుండా లోపలికి తోసే వేడి గాలి ఇంకొకటి. ఈ రెండూ ఆయిల్ నెత్తినే.

బేరింగ్ నుంచి విసురుగా వచ్చిన చుక్కలు గోడకి కొట్టుకుని పొరగా మారతాయి. ఇక్కడ ఒక గడియారం ఊహించుకోండి. షాఫ్ట్ ముళ్లు తిరిగే వైపే తిరుగుతోంది, దాంతోపాటు గాలీ తిరుగుతూ పొరని ఈడుస్తోంది. 12 నుంచి 6 వరకు బరువూ గాలీ ఒకే వైపు లాగుతాయి కనుక పొర పల్చగా, జోరుగా దిగుతుంది. 6 దగ్గర, వాడిన ఆయిల్‌ని వెనక్కి లాగే స్కావెంజ్ రంధ్రం ఉంది. బుద్ధిగా అందులోకి జారిపోవాలి కదా? పోదు. కొంత ఆయిల్ ఆ ఊపులో రంధ్రం దాటేసి 7, 8 వైపు ఎక్కుతుంది. అక్కడ గాలి పైకి ఈడుస్తుంటే బరువు కిందికి లాగుతుంది. పొర మందమవుతుంది, నెమ్మదిస్తుంది. వేగం బాగా పెరిగితే గాలిదే పైచేయి, అప్పుడు మందం చుట్టూ ఇంచుమించు సమానమవుతుంది. జర్మనీలోని కార్ల్‌స్రూహే విశ్వవిద్యాలయంలో గ్లాన్, విట్టిగ్ 1990లలో ఈ పొరనే కొలిచారు. మీ సెమినార్‌కి ఆ పేర్లు పనికొస్తాయి.

ఇదంతా మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉండే పొర భాగోతం. అయినా చిన్న విషయం కాదు. పొర జోరుగా పారినచోట గోడ వేడిని తీసుకుని వెళ్లిపోతుంది. నిలిచినచోట అదే ఆయిల్ మళ్లీ మళ్లీ కాగుతుంది. ఇక పొర సరిగా అందని చోట గోడ కాలిపోతూ ఉంటుంది, అప్పుడప్పుడూ పడే చుక్క అక్కడికక్కడే మాడుతుంది. నేను చూసిన వెంట్ మూతి అలాంటి చోటే. ఇంజన్లలో వాడే సింథటిక్ ఆయిల్ కూడా సుమారు 200 డిగ్రీలు దాటితే ఎక్కువసేపు నిలవదు.

ఆ ఇంజన్ కథ ఇంకొంచెం ఉంది. దాన్ని నడిపినవాళ్లకి విమానం దిగి ఆగీ ఆగగానే టక్కున ఆపేసే అలవాటని తర్వాత తెలిసింది. ఇంజన్ ఆగితే పంపూ ఆగుతుంది. కొత్త ఆయిల్ రాదు, టర్బైన్ వేడి మాత్రం నింపాదిగా ఛాంబర్లోకి దిగుతుంది, గోడ మీద మిగిలిన పొర అక్కడే ఉడుకుతుంది. అందుకే ఆపేముందు కొన్ని నిమిషాలు నెమ్మదిగా తిరిగేలా ఐడిల్‌లో ఉంచమని మాన్యువల్ చెబుతుంది. ఈసారి విమానం గేటు దగ్గర ఆగాక కూడా ఇంజన్ చప్పుడు వినిపిస్తుంటే విసుక్కోకండి.

ఆ పెళ్లలు ఊడడానికి ఛాంబర్ని రెండు రోజులు మందులో నానబెట్టాం. మూతి దగ్గరిది మాత్రం మూడో రోజుకి గానీ వదల్లేదు.