వీధి కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటే ముందు ఏం చూడాలి?

పటమటలో తల్లి లేని కుక్కపిల్ల కనిపించింది, పెంచుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా పెంచుకోండి. బెజవాడ ఎండలకు మన నాటు కుక్కే తట్టుకుంటుంది, ఒత్తు బొచ్చు జాతులు రోజంతా రొప్పుతూనే ఉంటాయి.

అద్దె ఇల్లయితే ముందు ఓనరుతో మాట్లాడండి. తెచ్చాక మళ్లీ రోడ్డు మీద వదిలేస్తే దాని బతుకు మరీ ఘోరం. పైగా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అలా ఆకలికి వదిలేయడం నేరం.

అసలు భయపడాల్సింది పార్వో అనే వైరస్ జబ్బుకి. తిండి మానేసి, వాంతులు, రక్త విరేచనాలు మొదలైతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దీని టీకా 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 3-4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. రేబీస్ టీకా మూడు నెలలు నిండాక. తల్లిపాలు మరిచిన పిల్లకు ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకోవచ్చు. మెత్తగా పిసికిన అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టండి. మీకు దాని పంటిగాటు పడితే మాత్రం చిన్నదే కదా అనుకోకుండా, పావుగంట సబ్బునీళ్లతో కడిగి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

పెంచుకోవడం కుదరకపోతే వీధిలోని పెద్ద కుక్కల చెవులు చూడండి. కొసన చిన్న కోత ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబీస్ టీకా అయినట్టు. లేకపోతే కార్పొరేషన్‌కు చెప్పి చేయించండి, అదీ పెద్ద సాయమే.