తొమ్మిదేళ్లు నటించింది, ఇప్పుడు డాక్యుమెంటరీలంటోంది

ఒక అమ్మగారు అడిగారు: "మా అమ్మాయికి 30. తొమ్మిదేళ్లుగా నాటకాలు, సీరియల్స్‌లో చిన్న చిన్న వేషాలు. ఇప్పుడు అవన్నీ మానేసి దేశదేశాలు తిరిగి డాక్యుమెంటరీలు తీస్తానంటోంది. బ్రిటిష్ నటుడు మైకేల్ పేలిన్ ప్రయాణాల వీడియోలు చూపించి, ఈయనా నటుడే కదమ్మా అంటోంది. అయ్యే పనేనా?"

అయ్యే పనేనమ్మా, కాకపోతే మీ అమ్మాయి పేలిన్ కథని సగం నుంచి చూస్తోంది. ఆయన 1969లో మొదలైన మాంటీ పైథాన్ అనే టీవీ కామెడీతో పేరు తెచ్చుకుని, దాదాపు ఇరవై ఏళ్లు జనాన్ని నవ్వించి, 1988లో తనకి 45 ఏళ్లప్పుడు బీబీసీ కోసం విమానం ఎక్కకుండా 80 రోజుల్లో ప్రపంచం చుట్టిరావడానికి బయల్దేరాడు. అప్పటికే బ్రిటన్‌లో ఆయన మొహం ఇంటింటికీ తెలుసు, వెనకాల ఛానెల్ ఉంది, కెమెరా సౌండ్ చూసుకునేవాళ్లు వేరే ఉన్నారు. 2004లో సినిమా నటుడు ఇవాన్ మెక్‌గ్రెగర్ లండన్ నుంచి న్యూయార్క్‌కి బైక్ మీద వెళ్లి సిరీస్ తీసిందీ అంతే, పేరు ముందు, ప్రయాణం తర్వాత. మీ అమ్మాయికి ఆ వరస తిరగబడుతుంది, సినిమా తీసి చూపించాకే ఎవరైనా డబ్బిస్తారు.

అలాగని నటన దండగ అనను. పేలిన్ సిరీస్‌లో దుబాయ్ నుంచి బొంబాయికి సరుకుల చెక్క పడవలో వెళ్లే ఎపిసోడ్ ఉంటుంది, అందులో ఒక ముసలి నావికుడికి తన వాక్‌మన్ హెడ్‌ఫోన్స్ పెట్టి అమెరికన్ రాక్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ పాట వినిపిస్తాడు. ఆ ముసలాయన మొహం చూడండి చాలు, అక్కడ చెప్పాల్సిన డైలాగేమీ లేదు. కొత్తవాళ్లతో సిగ్గుపడకుండా కలిసిపోవడం నటులకి వచ్చు, అవతలివాళ్లని చూడనిచ్చి తను తప్పుకోవడమే రాదు. నా దగ్గరికొచ్చిన ఒక స్టేజ్ నటుడు ఇరవై నిమిషాల సినిమా తీసి తెచ్చాడు, పద్నాలుగు నిమిషాలు ఫ్రేమ్‌లో ఆయనే ఉన్నాడు పాపం, తీసింది మాత్రం ఒక కుమ్మరి గురించట!

ఇక నేర్చుకోవాల్సింది కెమెరా కంటే ముందు సౌండ్, ఎడిటింగ్. బొమ్మ కాస్త వణికినా చూస్తారు, మాట వినపడకపోతే కట్టేస్తారు. ఎడిటింగ్ అయితే కూర్చుని గంటల ఫుటేజ్ పారేయడమే, ఓపిక ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

దేశాలు తిరగడం సంగతి, చాలామంది టూరిస్ట్ వీసా మీద వెళ్లి షూట్ చేసేయొచ్చు అనుకుంటారు, చాలా దేశాల్లో దానికి జర్నలిస్ట్ వీసానో ఫిల్మింగ్ పర్మిషనో వేరే కావాలి, లేకుండా దొరికితే వెనక్కి పంపేస్తారు, సామాను కూడా లాక్కోవచ్చు. కెమెరాలు వెంట తీసుకెళ్లి మళ్లీ తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నెట్ అనే కస్టమ్స్ కాగితం ఉంటుంది, అది ఒప్పుకునే దేశాల్లో సుంకం కట్టక్కర్లేదు. తెరమీద కనిపించే మనుషుల దగ్గర రిలీజ్ ఫామ్ మీద, అంటే తమని తీసింది వాడుకోవచ్చనే ఒప్పుకోలు కాగితం మీద, సంతకం తీసుకోకపోతే తర్వాత ఏ ఛానెలూ ముట్టుకోదు.

చదువు కావాలంటే డాక్‌నోమాడ్స్ అని డాక్యుమెంటరీకే ప్రత్యేకమైన రెండేళ్ల మాస్టర్స్ ఉంది, లిస్బన్, బుడాపెస్ట్, బ్రస్సెల్స్ మూడు చోట్లా తిరిగి చదవాలి, యూరోపియన్ యూనియన్ వాళ్ల ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ కూడా ఉంటుంది. పోటీ మాత్రం గట్టిది, తీసిన పని చూపించాలి. డిగ్రీ లేకుండా వచ్చినవాళ్లూ బోలెడు మంది, కాబట్టి దీనికోసం అప్పు చేయమని నేనైతే చెప్పను.

సీరియల్ వేషాలు ఇప్పుడే మానొద్దనండి, మొదటి రెండు మూడు సినిమాలకి ఖర్చు అక్కడి నుంచే రావాలి. ముందు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక్క మనిషిని ఎంచుకుని నెలరోజులు తీసి, పది నిమిషాలకి కుదించి పంపమనండి, చూసి చెప్తాను. ఆ పది నిమిషాల్లో ఆమె మొహం గానీ గొంతు గానీ ఉండకూడదని మాత్రం ముందే చెప్పండమ్మా.