ముందు రాయించండి, పుస్తకం తరవాత

హైస్కూలు పిల్లలు స్వలింగ ప్రేమ ఉన్న తోటి పిల్లలను ఏడిపిస్తుంటే చదివించడం, రాయించడం ద్వారా ఆపగలమా, అందుకు ఏ పుస్తకాలు ఇవ్వాలి అని అడిగారు. ఆపగలం. ఆదోని వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెబుతూ నా సర్వీసంతా గడిచింది, కళ్లారా చూసిన సంగతే చెబుతున్నాను. అయితే పుస్తకాల జాబితాతో మొదలుపెడితే పని జరగదు. ముందు పిల్లల చేత రాయించాలి.

తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. నెమ్మదస్తుడు, గుండ్రటి చేతిరాత. తన తరగతిలోనే ఇంకో అబ్బాయి మీద ఇష్టంతో నోటు పుస్తకం చివరి పేజీలో నాలుగు మాటలు రాసుకున్నాడు. ఎవరికీ ఇవ్వలేదు, చూపించలేదు. పక్కవాడు ఆ పుస్తకం లాక్కుని మధ్యాహ్న భోజనం దగ్గర అందరికీ చదివి వినిపించాడు. సాయంత్రానికల్లా ఆ పిల్లవాడిని ‘తేడా’ అని తప్ప పేరు పెట్టి పిలిచేవాళ్లు లేకుండా పోయారు. మరుగుదొడ్డి గోడ మీద బొగ్గుతో కూడా రాశారు. స్టాఫ్ రూములో ఒకాయన నవ్వారు. ఇంకొకాయన, "టీసీ ఇచ్చి పంపిస్తే గొడవ ఉండదు కదా మేడం" అన్నారు.

పిల్లవాడు బడికి రావడం మానేశాడు. మా వైపు ఆ నెలల్లో ఎన్నో కుటుంబాలు మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి, పిల్లలూ వెంట పోతారు. అందుకని హాజరుపట్టీలో వాడు లేని రోజులను ఎవరూ పట్టించుకోలేదు. నేను ఇంటికి వెళ్లాను. వాళ్లు సుగ్గికి పోనేలేదు. వాడు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "కడుపునొప్పి అంటాడు మేడం, ఆస్పత్రికి రమ్మంటే రాడు" అంది వాళ్లమ్మ. కారణం ఆమెకు నేను చెప్పలేదు. చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో తేల్చుకోవలసింది ఆ పిల్లవాడు. పరీక్షలు దగ్గర పడ్డాయని నోట్సు ఇచ్చి వచ్చేశాను. ఉపాధ్యాయులు చాలామంది ఇక్కడే అన్యాయం చేస్తారు. తల్లిదండ్రులను పిలిపించి అంతా చెప్పేసి బాధ్యత తీరిందనుకుంటారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించరు.

అప్పటికి హోలీ వెళ్లి కొద్ది రోజులే అయింది. ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోలీకి మగవాళ్లు చీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని రతీమన్మథులకు పూజ చేస్తారు. కోరిక తీరాలని మొక్కుకున్నవాళ్లు, తీరినవాళ్లు, చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా వస్తారు. మా పిల్లల్లో చాలామంది చూసినవాళ్లే. ఒంటిపూట బడిలో మొదటి పీరియడులో తెల్లకాగితాలు పంచి, అక్కడ చూసింది, వాళ్ల ఇళ్లలో జరిగింది రాయమన్నాను. గైడులో ఉండని విషయం కాబట్టి సొంతంగా రాయక తప్పలేదు. పదో తరగతి దాకా వచ్చిన పిల్లవాడు స్వీయరచన ప్రశ్నకు కూడా గైడులోని జవాబు బట్టీ కొట్టి రాస్తే మార్కులు వేస్తున్నాం, తన ఇంటి సంగతి తన మాటల్లో రాస్తే ‘వ్యాకరణం లేదు’ అని కోస్తున్నాం. ఈ పద్ధతి మారనంత కాలం పిల్లలకు మరొకరి బాధ తెలియమంటే ఎలా తెలుస్తుంది?

నోటు పుస్తకం లాక్కున్న అబ్బాయి ఆ రోజు అందరికంటే ఎక్కువ రాశాడు. తనకు జబ్బు చేసినప్పుడు వాళ్ల నాన్న మొక్కుకున్నాడట. అమ్మ పెళ్లి పట్టుచీర కట్టుకున్నాడు. కుచ్చిళ్లు అమ్మే పెట్టింది, పక్కింటి అవ్వ గాజులు తెచ్చి తొడిగింది. వీధిలో నడిచి వెళుతుంటే ఎవరూ నవ్వలేదు, దండం పెట్టారు. తన కోసమే నాన్న అలా వెళ్లాడని రాసి సంతకం పెట్టాడు. వాడి చేతే చదివించాను. ఒక అమ్మాయి తమ గడపకు వచ్చే జోగప్ప గురించి, అంటే ఎల్లమ్మ దేవత పేరున చీర కట్టి బతికే మనిషి గురించి రాసింది. ఎల్లమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తే వాళ్ల అవ్వ కాళ్లు మొక్కుతుందని, అదే మనిషి బస్సెక్కితే పక్కన ఎవరూ కూర్చోరని.

ఆ తరవాతి వారం ఇంకో కాగితం. ‘నాకు ఇష్టం లేని పేరుతో నన్ను పిలిచిన రోజు’ అని అంశం ఇచ్చాను, ఎవరూ తమ పేరు రాయకూడదన్నాను. ఒంటి రంగు, కులం, తాగే నాన్న, నత్తి, అన్నీ వచ్చాయి. చదివి వినిపించేటప్పుడు ఎవరివో తెలియకుండా మాటలు మార్చాను. అప్పుడు గానీ చట్టం సంగతి ఎత్తలేదు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఇష్టపూర్వకంగా కలిసే వయోజనులకు వర్తించదని సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 సెప్టెంబరు 6న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. చరిత్ర ఈ మనుషులకూ వాళ్ల కుటుంబాలకూ క్షమాపణ బాకీ ఉందని జస్టిస్ ఇందూ మల్హోత్రా అందులో రాశారు. దీన్ని తేలిక తెలుగులో ఒక పేజీగా రాసి చదివించాను. చీర కట్టి మొక్కు తీర్చుకోవడం వేరు, మనసు ఎవరి మీదకు పోతుందన్నది వేరు అని కూడా విడమరిచి చెప్పాను. "అయితే ఇది తప్పు కాదా మేడం?" అని అడిగింది నోటు పుస్తకం లాక్కున్నవాడే.

బడి మానేసిన ఆ పిల్లవాడు వార్షిక పరీక్షలకు వచ్చాడు, మా బడిలోనే పదో తరగతి పాసయ్యాడు. బయటి పిల్లలు ఇంకా ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. మా తరగతి మాత్రం అనలేదు. ఇది ఎక్కడైనా జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పెద్దవాళ్లతోనే కష్టం. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా కలుపుకుపోవాలో చెప్పే ఉపాధ్యాయ కరదీపికను ఎన్‌సీఈఆర్‌టీ 2021లో వెబ్‌సైటులో పెట్టి, అభ్యంతరాలు రాగానే తీసేసింది. అదే ఏడాది మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ప్రేమించుకుని కలిసి బతకాలనుకున్న ఇద్దరు యువతుల కేసులో తనకు ఈ విషయం సరిగ్గా తెలియదని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకుని తీర్పు రాశారు. న్యాయమూర్తే నేర్చుకోగా లేనిది, మన స్టాఫ్ రూములకు ఏం అడ్డం?

పుస్తకాలు అడిగారు కదా. ఉన్న పుస్తకాలనైనా ముందు బయటికి తీయండి. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది కర్నూలులో. అదే జిల్లాలో నేను పనిచేసిన ఒక బడిలో పుస్తకాలు పోతే లెక్క చెప్పాలనే భయంతో బీరువాకు వేసిన తాళం ఏళ్ల తరబడి తీయలేదు. స్థానం నరసింహారావు గురించి చదివించండి. ఆడవేషాలు వేసి మెప్పించిన ఆ నటుడికి 1956లో పద్మశ్రీ ఇచ్చారని తెలిస్తే, మెత్తగా నడిచే పిల్లవాడిని ‘ఆడంగి’ అనే నోళ్లు కొన్నయినా మూతపడతాయి. విరాటపర్వంలో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పిన ఘట్టం ఎలాగూ ఉంది.

రాయించిన కాగితాలను మాత్రం బడిలో ఉంచకండి. చదివాక ఎవరిది వాళ్లకు ఇచ్చేయండి, పేరు లేనివి చింపేయండి. ఏ పిల్లవాడినీ లేచి నిలబడి తన సంగతి చెప్పమనకండి. పిల్లల సహాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మనసు బాగోలేనప్పుడు మాట్లాడుకునేందుకు టెలిమానస్ 14416 నంబర్లు నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి, పిల్లలు ఒంటరిగా నిలబడి చూసుకోగలిగే చోట.