రివియేరా కొంటానన్న అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి మీ పెద్దమ్మకు కూడా చూపించాను. 1985 బ్యూయిక్ రివియేరా కారు, మెరూన్ రంగు, లోపల అదే రంగు వెల్వెట్ సీట్లు, మీటరు మీద 38 వేల మైళ్లు. "కొననా పెదనాన్నా?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. జవాబు ఒక్క ముక్కలో అయ్యేది కాదు, ఓపిగ్గా చదువు.

నేను డెట్రాయిట్‌లో దిగిన మొదటి చలికాలం బస్సు తప్పిపోయి నిలబడి ఉంటే, మా ప్రొఫెసర్ ఇలాంటి బండిలోనే ఎక్కించుకున్నారు. దాని తలుపు ఎంత పొడుగంటే, పూర్తిగా తెరిస్తే పక్క బండికి తగులుతుందని సగమే తెరిచి పట్టుకున్నారు. నేను ఒదిగి లోపలికి దూరి తలుపు లాగితే బీరువా మూసినట్టు బరువుగా పడింది. ఆ తర్వాత బయట గాలి చప్పుడు కూడా వినపడలేదు. అప్పటికి నాకు సైకిలు తప్ప సొంత బండి అనేది తెలియదు. అందుకే నీ ఫొటోలు చూసి నాకూ నిద్ర పట్టలేదు. కానీ నిద్ర పట్టనంత ఇష్టంతో బండి చూడటానికి వెళ్తే కళ్లు పని చేయవు, నాన్నా.

ముందు బండి సంగతి. 1979 నుంచి 1985 వరకు వచ్చిన రివియేరా, కాడిలాక్ ఎల్డొరాడో, ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో మూడూ అక్కచెల్లెళ్లు. పైన ముఖాలు వేరు, కింద కట్టు ఒకటే. మూడూ న్యూజెర్సీలోని లిండెన్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. 1986లో రివియేరాను బాగా చిన్నది చేసి, డాష్‌బోర్డులో టచ్ స్క్రీన్ పెట్టారు. ఆ ఏడాది అమ్మకాలు ముందటేడాదితో పోలిస్తే మూడో వంతుకు పడిపోయాయి. అంటే నువ్వు చూస్తున్నది ఆ పెద్ద బండ్లలో ఆఖరి ఏడాదిది.

ఇంజన్ గురించే నువ్వు ఎక్కువ టెన్షన్ పడుతున్నావని నాకు తెలుసు. విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్, ఫొటో అడుగు. పదో అక్షరం ఎఫ్ అయితే 1985 మోడల్. ఎనిమిదో అక్షరం వై అయితే ఓల్డ్స్‌మొబైల్ 307, అంటే 5 లీటర్ల వీ8. 140 హార్స్‌పవరే, పరుగు పందెంలో ఎవరినీ గెలవదు, కానీ మొండి ఇంజన్. దాని పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి, పాత మెకానిక్ ఎవరైనా విప్పి బిగించగలడు. ఆ చోట ఎన్ ఉంటే అది డీజిల్, వద్దని చెప్పేసి వచ్చేయ్. ఇదే రేటుకి అందమైన ఎల్డొరాడో ఉందని ఎవరైనా చూపిస్తే ఏడాది అడుగు. 1982 నుంచి 85 వరకు వాటిలో పెట్టిన 4.1 లీటర్ల ఇంజన్‌లో బ్లాక్ అల్యూమినియం, హెడ్లు ఇనుము. వేడికి రెండూ ఒకేలా సాగవు, రెండింటి మధ్య ఉండే గాస్కెట్ దెబ్బతిని, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. మొదటి పాత బండికి ఆ తలనొప్పి నీకు వద్దు.

ఇంజన్ గురించి ఇంతకంటే ఆలోచించకు. ఇలాంటి బండిలో తిరిగేదంతా దొరుకుతుంది, కనిపించేదే దొరకదు. కార్బురేటర్ బాగు చేయించవచ్చు, బ్రేకులు మార్పించవచ్చు. కానీ వెనక లైటు అద్దం, ఆ మెరూన్ వెల్వెట్ బట్ట, కిటికీ చుట్టూ ఉన్న మెరుపు పట్టీ, డాష్‌బోర్డు ప్లాస్టిక్ పోతే ఇంకో బండిని విప్పినవాడి దగ్గరికే వెళ్లాలి. బాగా కాపాడిన బండి అని అమ్మేవాడు అంటే, నువ్వు డబ్బు ఇచ్చేది వాటికే.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట అదే కాలపు కూపే, అంటే రెండు తలుపుల బండి, ఒకటి టొలీడోలో కొన్నాను. గ్యారేజీలో దుప్పటి కప్పి దాచిన బండి. టైర్ల గాళ్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, చూసి మురిసిపోయాను. ఐ-75 మీద ఇంటికి వస్తుంటే వెనక టైరు పైపొర ఊడి, చర్నాకోలలా కొట్టుకుని ఫెండరు కింది అంచు చీల్చేసింది, బంపర్ పక్కన ప్లాస్టిక్ ముక్కను ముక్కలు చేసింది. పక్కన మీ పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆమె చెయ్యి నా భుజం మీద ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. టైరు అదే రోజు మార్చాను. ఆ ప్లాస్టిక్ ముక్క కోసం రెండేళ్లు తిరిగాను.

కాబట్టి టైరు పక్క మీద డాట్ (DOT) అని ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నచోట చివరి అంకెలు చదువు. నాలుగు ఉంటే మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మూడే ఉంటే ఆ టైరు 2000కు ముందుది. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా సరే, దాని మీద ఇంటికి రావద్దు. లారీ మీద ఎక్కించి తీసుకురా.

వెళ్లేది పొద్దున్నే వెళ్లు. ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందురోజే అమ్మే ఆయనతో చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే చలిలో ఎలా లేస్తుందో నీకు చూపించడం ఇష్టం లేదని అర్థం. ఇది కార్బురేటర్ బండి, నీ బండిలా బటన్ నొక్కితే లేచేది కాదు. గ్యాస్ పెడల్‌ను ఒక్కసారి పూర్తిగా తొక్కి వదిలి, అప్పుడు తాళం తిప్పు. స్పీడుగా తిరుగుతూ లేచి, కాసేపటికి తగ్గిందంటే, చల్లటి ఇంజన్ లేవడానికి సాయం చేసే చోక్ బాగున్నట్టే.

తర్వాత బంపర్లకూ బాడీకీ మధ్య ముక్కల దగ్గర వంగు. చిన్న దెబ్బ తగిలితే బంపర్ లోపలికి జరిగి మళ్లీ బయటికి రావాలని, ఆ సందులో మెత్తని ప్లాస్టిక్ పెట్టారు. నలభై ఏళ్లకు అది అప్పడంలా అయిపోతుంది. బొటనవేలితో మెల్లగా నొక్కు, వంగితే అదృష్టం. పైకప్పుకు వినైల్ తొడుగు ఉంటే వెనక అద్దం కింది అంచు వెంట వేళ్లు జరుపు. బుడగలు తగిలితే లోపల తుప్పు బయల్దేరింది. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్పేర్ టైరు గుంట చూడు. తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తు, కదిలితే కీలు పిన్నులు అరిగాయి. అంత బరువు తలుపు కదా, అది మామూలే, బేరానికి పనికొస్తుంది. లోపలి పైకప్పు బట్ట జారి ఉన్నా భయపడకు. ఏసీ చల్లగా రాకపోతే మాత్రం ఖర్చు లెక్క వేసుకో. అందులో ఉండేది ఆర్-12 గ్యాస్, అమెరికాలో దాని తయారీ 1995 చివరితోనే ఆగిపోయింది.

మీటరు మాట మర్చిపోయాను. దానికి మైళ్ల అంకెలు ఐదే, లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 38 వేలు అంటే లక్షా 38 వేలు కూడా కావచ్చు. ఇంత పాత బండికి టైటిల్ (బండి ఎవరిదో చెప్పే) కాగితం మీద మైళ్లు రాయనక్కర్లేదు, కాబట్టి కాగితం నీకు సాయం చేయదు. ఎంత అరిగాయో బ్రేకు పెడల్ రబ్బరు చూడు, డ్రైవరు సీటు ఎడమ అంచు చూడు, పాత ఆయిల్ మార్పు బిల్లులు అడుగు. బిల్లుల మీద ఏడాదీ మైళ్లూ వరసగా పెరుగుతూ ఉంటే నమ్ము.

టైటిల్ అమ్మే ఆయన పేరు మీదే ఉండాలి, డబ్బు బ్యాంకులో కూర్చునే ఇవ్వు. ఇన్సూరెన్స్ ముందే ధర ఒప్పుకుని రాసుకునేది తీసుకో. మామూలు పాలసీ అయితే బండికి ఏదైనా అయితే పాత ఇనుము ధర కడతారు. పాత బండ్లకు ఇచ్చే హిస్టారిక్ నంబర్ ప్లేట్ చౌకే కానీ, మన మిషిగన్‌లో దాన్ని పెట్టుకుని రోజూ ఆఫీసుకి తిప్పకూడదు. ఆగస్టులో మాత్రం ఎలాగైనా తిప్పుకోవచ్చు. ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అనే పాత బండ్ల ఊరేగింపు జరిగేదీ ఆ నెలలోనే. నన్ను నీ పక్కన ఎక్కించుకుని ఒక్కసారి తిప్పు.

శనివారం నేనూ వస్తాను. టార్చిలైటు, మెత్తటి బట్ట చుట్టిన అయస్కాంతం తెస్తాను. చక్రాల పైన అంచుల్లో అయస్కాంతం అంటుకోని చోటల్లా పుట్టీ ఉన్నట్టు. నువ్వు పాత చొక్కా వేసుకుని రా, బండి కింద పడుకుని చూడాల్సింది నువ్వే. పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంటోంది.

మీ పెదనాన్న